ఇరవై మూడు మిల్లీమీటర్లు

ఆఫీసులో ఆమెను రబ్బరమ్మ అంటారు. ముఖం మీద మేడమ్, అటు తిరిగితే రబ్బరమ్మ. ఆమెకు రెండూ వినబడతాయి, కోపం మాత్రం రాదు. "ఇరవై రెండేళ్ళుగా చెరపడమే నా పని. రబ్బరు అనక బలపం అంటారా?" అంటుంది.

ఆ పనేమిటో ముందు చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతది బోధపడదు. ఊరి బావులు, కాలవలు, తొట్లు కలిపి నూట పద్నాలుగు చోట్ల నీళ్ళలోకి తీగలు దించి, ఒక్కో తీగ కొసకి బొటనవేలంత సెన్సర్ కట్టారు. తన నెత్తిన నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో అది ఐదు నిమిషాలకోసారి కొలిచి పంపుతుంది. ఆ అంకె మూడో అంతస్తులో ఈమె కంప్యూటర్ తెర మీద చుక్కగా పడుతుంది. చుక్కలన్నీ కలిస్తే గీత. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ సెన్సర్లు కూడా మనలాంటివే, ఒంట్లో బాగుండకపోతే నోటికొచ్చింది వాగుతాయి. బ్యాటరీ నీరసిస్తే ఒక రకం వాగుడు, తీగ మీద కప్ప కూర్చుంటే ఇంకో రకం. ఆ వాగుడంతా ఏరి తీసేసి, జరిగిన గీతను మళ్ళీ దాని చోటికి జరిపి, ఖాళీలు పూడ్చి, శుభ్రమైన గీతను పైవాళ్ళకి పంపడం ఆమె ఉద్యోగం. సెన్సర్ పంపినదాన్ని ఆఫీసులో పచ్చిగీత అంటారు, ఆమె చెయ్యి పడినదాన్ని మంచిగీత అంటారు. పచ్చిగీత ఎక్కడికీ పోదు, మంచిగీత కింద అలాగే ఉంటుంది. దాన్ని తిరిగి తీసి చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు.

పనిలో ఆమె ఘటికురాలు. అది ఒప్పుకోవాల్సిందే. గీత చూసి, ఫలానా బావి దగ్గర మోటారు ఎన్నింటికి వేశారో, ఎవరు బిందె జారవిడిచారో చెప్పేసేది. కాలవ గట్టు దగ్గర ఎద్దులు ఎన్ని దిగాయో చెప్పిందని కూడా అంటారు కానీ అది కొంచెం ఎక్కువ చేసి చెప్పుకునే మాట.

ఇక్కడ ఆమె భర్త సంగతి రావాలి. ఆయనదీ అదే ఆఫీసు, కాకపోతే ఫీల్డు మనిషి. నెలకోసారి ప్రతి సెన్సర్ దగ్గరికీ వెళ్ళి, మూత ఎత్తి, ఇనప టేపు దించి, నీళ్ళ ఎత్తు చేత్తో కొలిచి రావాలి. సెన్సర్ చెప్పింది నిజమో కాదో తేల్చేది ఆ టేపే. మనిషి పొట్టి, మీసం మాత్రం మహా పొందికైనది. రోజూ పొద్దున్నే చిన్న కత్తెరతో అద్దం ముందు నిలబడి వెంట్రుక వెంట్రుకకీ న్యాయం చేసేవాడు.

వాళ్ళిద్దరికీ పరిచయం ఎలా కుదిరిందో ఆఫీసులో పాతవాళ్ళకి ఇప్పటికీ గుర్తే. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక బావి గీత మీద రంపం పళ్ళలాంటివి కనబడ్డాయి. ఒక చుక్క కిందికి, ఒకటి మామూలుగా, మళ్ళీ ఒకటి కిందికి, మళ్ళీ మామూలుగా. బ్యాటరీ అలా వాగదు, కప్పకి అంత క్రమశిక్షణ లేదు. ఆమె బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి ఫీల్డుకి ఫోన్ చేసింది.

"మీ సెన్సర్‌కి ఏదో అయిందండీ. పళ్ళు పళ్ళుగా వస్తోంది."

"అవి నా పళ్ళేనండీ," అన్నాడాయన. "తీగ పట్టుకుని పైకి లాగుతున్నా, ఐదు నిమిషాలాగి వదులుతున్నా. కొత్తగా చేరినావిడ చూస్తుందో లేదో అని."

నలభై నిమిషాలు ఎండలో బావి గట్టున కూర్చుని ఎనిమిది చుక్కలు పంపాడు పెద్దమనిషి. తర్వాత అది అలవాటైంది. ఏ బావి దగ్గరికి వెళ్ళినా నాలుగు పళ్ళు. ఆమె వాటిని తుడవలేక తిట్టుకునేది, తుడిచే ముందు ఒకసారి నవ్వుకునేది. మరుసటి ఏడు పెళ్ళయింది. పెళ్ళయ్యాక పళ్ళు ఆగిపోయాయి. ఇంట్లోనే ఎదురుగా ఉన్న మనిషికి తీగ లాగి కబురంపడం ఎందుకనుకున్నారో ఏమో.

పెళ్ళయిన పద్నాలుగో ఏట ఆయన వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయాడనే అన్నారందరూ. ఆమె కూడా అలాగే అనుకుంది. రెండు రోజుల ముందు గొడవైంది మరి. దానికి కారణం మూడో తొట్టి. పాత పంపుహౌసులో, నేల కింద, గుండ్రంగా బావిలా కట్టిన తొట్టి అది. ఎక్కడైనా నిప్పంటుకుంటే పనికొస్తాయని ఎప్పుడో నింపి ఇనప మూత వేశారు. అందులో చుక్క పోసేవాళ్ళు లేరు, చుక్క వాడేవాళ్ళు లేరు. అయినా జాబితాలో పేరుంది కాబట్టి సెన్సర్ ఉంది, నెలనెలా టేపు కొలత ఉంది. ఎనిమిది నెలల పాటు ఆయన టేపు కొలతలు ఆమె గీతతో మిల్లీమీటరు తేడా లేకుండా కలిశాయి. ఆమె అది పట్టుకుంది.

"మీరు ఆ మూత ఎత్తడం లేదు. నా గీత చూసి ఆఫీసులోనే కూర్చుని రాస్తున్నారు," అంది. ఇంట్లో అన్నా బాగుండేది. పెద్దసారు బల్ల ముందు, నలుగురూ వింటుండగా అంది.

కదలని నీళ్ళకి కొలతలు కలవక ఏం చేస్తాయని ఆ పూట ఎవరికీ తోచలేదు. ఆయన సంచీ తీసుకుని ఫీల్డుకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు పొద్దున చెప్పులు వేసుకుంటూ, "నీకు నా మాట కన్నా గీతే ఎక్కువైపోయింది. ఇవాళ సెలవు పెడుతున్నా," అన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. సంచీ తగిలించుకుని బస్సెక్కుతుండగా చూశామని తర్వాత ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఫోను ఆ మధ్యాహ్నం నుంచే మూగబోయింది. పోలీసులు వచ్చి నాలుగు ప్రశ్నలు అడిగి, పెళ్ళాంతో గొడవ, సంచీ, బస్సు అని రాసుకుని వెళ్ళారు. ఎవరో ఒకావిడ పేరు కూడా కలిపారు కొందరు. ఉన్నచోట ఉండని నాలుకలకి ఆ మాత్రం పని ఉండాలిగా.

ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు, ఈమె, అత్తగారు. రెండు గదుల ఇల్లు. కొడుకు వదిలేసి వెళ్ళిన కోడలి దగ్గరే అత్తగారు ఉండిపోయింది. ఈమె కూడా పొమ్మనలేదు. పెద్దావిడ ఏడేళ్ళుగా ఒకటే మాట పట్టుకుంది.

"వాడు దూరం పోలేదే. కత్తెర ఇక్కడే ఉంది. మీసం కత్తిరించుకోకుండా వాడు రెండో రోజు గడప దాటడు, నీకు తెలీదా?"

"ఊళ్ళో కత్తెరలకి కరువా అత్తయ్యా? కొనుక్కుని ఉంటారు," అనేది ఈమె. కొనుక్కున్నాడనే నమ్మింది. ఎక్కడో ఏ అద్దం ముందో నిలబడి, కొత్త కత్తెరతో మీసం సవరించుకుంటూ హాయిగా ఉన్నాడని నమ్మింది. ఆ మీసాన్ని తలుచుకుని పళ్ళు కొరుక్కునేది. ఏడేళ్ళు ఆమెను నిలబెట్టింది ఆ కోపమే. పొద్దున లేపేదీ అదే, రాత్రి నిద్రపుచ్చేదీ అదే.

ఈ మధ్య ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుందన్నారు. పాత లెక్కలు అందులోకి మార్చాలి. మార్చే ముందు, ఇన్నేళ్ళలో చేసిన ప్రతి దిద్దుబాటునీ దిద్దినవాళ్ళే మళ్ళీ చూసి, 'సరైనదే' అని నొక్కాలి. శనివారం సాయంత్రంతో గడువు. నొక్కినవాటి కింద ఉన్న పచ్చిగీతలు తర్వాత శాశ్వతంగా తీసేస్తారు, చోటు చాలదట. ఆమె వాటా ఆరువేల పైచిలుకు దిద్దుబాట్లు. సోమవారం నుంచి నొక్కుతూ కూర్చుంది. బ్యాటరీ, సరైనదే. కప్ప, సరైనదే. వేలు నొప్పి పుడితే ఎడమ చేత్తో నొక్కింది.

గురువారం ఉదయం పదకొండింటికి మూడో తొట్టి వచ్చింది. ఏడేళ్ళ కిందటి దిద్దుబాటు. గీత ఉన్నట్టుండి ఇరవై మూడు మిల్లీమీటర్లు పైకి లేచింది, మళ్ళీ దిగలేదు. కారణం అన్నచోట 'సెన్సర్ జరిగింది' అని ఉంది. అది మామూలే. నీళ్ళు పోసేవాళ్ళు లేని తొట్టిలో మట్టం మెట్టులా లేచి అక్కడే ఉండిపోతే, తీగ ముడి జారి సెన్సర్ కిందికి దిగిందని అర్థం. అప్పుడు ఆ ఇరవై మూడునీ అక్కడి నుంచి వచ్చే ప్రతి చుక్కలోంచీ తీసేయమని కంప్యూటర్‌కి ఒకసారి చెబితే చాలు, అదే తీసేస్తూ పోతుంది. ఈ ఆఫీసులో ఎవరున్నా అదే చేస్తారు. వేలు 'సరైనదే' మీదికి పోయింది.

తారీఖు చూసి ఆగింది.

అది ఆయన సెలవు పెట్టిన రోజు.

మెట్టు లేచింది పదకొండూ నలభైకి. ఆమె దిద్దింది పదకొండూ యాభై రెండుకి. దాని కిందే ఇంకో దిద్దుబాటు ఉంది, పన్నెండూ యాభైకి. 'పదకొండు చుక్కలు తొలగించడమైనది. కారణం: పిచ్చి అంకెలు.' అది ఆమెకు గుర్తే లేదు. గుర్తుండేంత పని కాదు. తెర మీద నెల మొత్తం గీత పెట్టుకుని చూస్తే పదకొండు చుక్కలు నలుసంత కనబడతాయి. ఆ నలుసుని మౌసుతో చుట్టి తీసేసి ఉంటుంది, భోజనం చేసి వచ్చి, చేతులు ఇంకా తడిగా ఉండగా.

ఆమె పచ్చిగీత తెరిచింది. నెలను తగ్గించి రోజు చేసింది, రోజును తగ్గించి రెండు గంటలు చేసింది. నలుసు విచ్చుకుంది.

మెట్టు తర్వాత ఒక చుక్క కిందికి ఉంది. తర్వాతది మామూలుగా. తర్వాతది కిందికి. తర్వాతది మామూలుగా.

ఆమె వెనక ఫ్యాను తిరుగుతోంది, పక్క బల్ల దగ్గర ఎవరో ఫోనులో బియ్యం ధర గురించి మాట్లాడుతున్నారు. ఆమె తెరకి ముఖం ఆనించేంత దగ్గరగా వంగి లెక్కపెట్టింది. పదకొండు చుక్కల్లో ఆరు కిందికి ఉన్నాయి. మొదటిది నలభై సెంటీమీటర్లు, చెయ్యి చాచి లాగినంత. రెండోది ముప్ఫై ఎనిమిది. మూడు, నాలుగు ఇంకొంచెం తక్కువ. ఐదోది పదిహేను. ఆరోది నాలుగే నాలుగు సెంటీమీటర్లు. దాని టైము పన్నెండూ ముప్ఫై ఐదు. అక్కడి నుంచి గీత ఇవాళ్టి దాకా తిన్నగా ఉంది.

ఆయన చేతికి గడియారం ఉండేది. ఐదు నిమిషాలకోసారి సెన్సర్ చూస్తుందని తెలుసు. తీగ అలాగే లాగి పట్టుకుంటే సెన్సర్ జరిగిందనుకుని ఈమె దిద్దేస్తుందనీ తెలుసు. అందుకే ఒకసారి లాగి, ఒకసారి వదిలాడు. ఆ తీగ ఒక కొస తొట్టి చీకట్లో ఆయన చేతిలో ఉంది, రెండో కొస ఈమె బల్ల మీద ఉంది. యాభై ఐదు నిమిషాలు పిలిచాడు. మొత్తం లోకంలో ఆ పిలుపు చదవగలిగింది ఒక్కర్తే, ఆవిడ పదకొండూ యాభై రెండుకి ఆయన బరువుని గీతలోంచి తీసేసి, పన్నెండూ యాభైకి ఆయన పిలుపుని తుడిచేసింది.

అప్పుడు ఆమెకు ఇంకోటి గుర్తొచ్చింది. ఇది మాత్రం బాగా గుర్తొచ్చింది. మెట్టులాంటిది దిద్దేముందు ఫీల్డు మనిషికి ఫోన్ చేసి కనుక్కోవాలని రూలు. దిద్దుబాటు ఫారంలోనే ప్రశ్న ఉంటుంది, 'ఫీల్డు మనిషికి ఫోన్ చేశారా?' అవును, లేదు. ఆ రోజు ఆ ప్రశ్న పక్కన తెర మీద ఆయన పేరు, నంబరు కనబడ్డాయి. ముందు నేనెందుకు చెయ్యాలి, కావాలంటే తననే చెయ్యనీ, అనుకుంది. 'అవును' అని నొక్కేసింది.

మధ్యాహ్నం ఆమె భోజనం డబ్బా మూత తీయలేదు. శనివారం దాకా కూర్చోనక్కర్లేదు, 'సరైనదే' అన్న ఆకుపచ్చ బొత్తాం ఇప్పుడే నొక్కేస్తే పచ్చిగీత ఇంకెవరికీ కనబడదు. ఆయన ఎక్కడో మీసం కత్తిరించుకుంటూనే ఉంటాడు. ఆమె కోపం ఆమెకు ఉంటుంది. నొక్కాలనే అనిపించింది, అది దాచి లాభం లేదు. సాయంత్రం దాకా వేలు ఆ బొత్తాం చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుందామని నీళ్ళ పీపా దగ్గరికి వెళ్ళి, కడుక్కోవడం మర్చిపోయింది. చీర చెంగు దోపి చేతిని మోచేతి దాకా పీపాలో ముంచింది. నీళ్ళు లేచాయి. తీసింది. దిగాయి. భుజం దాకా ముంచింది. ఇంకా లేచాయి. పీపా అంచున మసిబొగ్గుతో గీత గీసి మళ్ళీ ముంచింది. అలా ఎంతసేపు చేసిందో.

"ఏం పోయిందే అందులో?" అని అత్తగారు వెనకనుంచి అడిగింది.

ఆమె చెయ్యి తియ్యకుండానే చెప్పింది. మూడో తొట్టి, మెట్టు, పళ్ళు, తను చెయ్యని ఫోను, అన్నీ చెప్పింది. అంతా విన్నాక పెద్దావిడ గోడకున్న చిన్న అలమార దగ్గరికి వెళ్ళి కత్తెర తెచ్చి, తన చీర కొంగుతో తుడిచింది. దాన్ని ఏడేళ్ళుగా వారం వారం తుడుస్తూనే ఉంది, దాని మీద తుప్పు లేదు.

"అయితే వాడు మనల్ని వదిలి పోలేదన్నమాట," అంది.

"నేనే చెరిపేశానత్తయ్యా."

"ముందు వాణ్ణి బయటికి తియ్యి. నువ్వేం చేశావో తర్వాత చూద్దాం. చెయ్యి తీసి తుడుచుకో, జలుబు చేస్తుంది."

మర్నాడు ఆమె ముందుగా కొత్తాయన్ని పిలిచింది. భర్త చోట్లో వచ్చిన ఫీల్డు మనిషి, వచ్చి ఏడేళ్ళయినా అందరికీ కొత్తాయనే. ఆమెను అక్కా అంటాడు. ఆమె అతని టేపు కొలతల జాబితా తెర మీద పెట్టింది. మూడో తొట్టి, ఎనభై రెండు నెలలు, ప్రతి కొలతా ఆమె మంచిగీతతో అచ్చంగా కలుస్తోంది.

"నిజం చెప్పు. ఆ మూత ఎప్పుడైనా ఎత్తావా?"

అతను తెర మీది జాబితా ఒకసారి చూశాడు.

"లేదక్కా. మొదటిసారి వెళ్ళినప్పుడు పంపుహౌసు తలుపుకి కాపలావాడు తాళం వేసేశాడు. తలుపు తీసి పడుంటే మూసేశాడంట. తాళంచెవి అడిగితే రేపన్నాడు. ఆ నెలకి మీ గీత చూసి రాసేశాను. మీరేమీ అనలేదు. ఇంక రెండో నెల కూడా..."

ఆమెకు నవ్వొచ్చింది, అలాంటి నవ్వు ఎవరికీ రాకూడదు. అతను ఆమె గీత చూసి కొలత రాశాడు. ఆమె అతని కొలత చూసి, గీత సరిగ్గానే దిద్దానని నమ్మింది. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యేసుకుని ఏడేళ్ళు నడిచారు, నీళ్ళలోకి తొంగి చూసినవాళ్ళు లేరు. ఏ తప్పూ చెయ్యని మొగుణ్ణి నలుగురిలో ఏ మాటన్నదో ఆ పని చేసినవాడు ఇతను, ఇతన్ని ఒక్కరోజు అనుమానించలేదు.

"ఇవాళ వెళ్ళి ఎత్తు. ఒక్కడివే వద్దు. పెద్దసారుకి నేను చెప్పాను, పోలీసులొస్తారు. ముందు టేపు దించి కొలువు. అంకె నాకు ఫోనులో చెప్పు."

"మీరు రారా అక్కా?"

"నేను ఇక్కడే ఉంటాను. ఆ రోజు కూడా ఇక్కడే ఉన్నాను," అంది.

మూడో తొట్టి పచ్చిగీత తెర మీద పెట్టుకుని కూర్చుంది. పెద్దసారు కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చోబోయి, ఆమె ముఖం చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. హాల్లో అందరికీ సంగతి పాకింది, రబ్బరమ్మ అనే మాట ఆ రోజు ఏ మూలా వినబడలేదు.

పదకొండు దాటాక ఫోన్ మోగింది. కొత్తాయన గొంతు తొట్టి గోడలకి గుద్దుకుని వస్తున్నట్టుంది.

"మూత ఎత్తామక్కా. లోపలికి వెళ్ళే నిచ్చెన పై మెట్లు రెండు ఊడిపోయి ఉన్నాయి, సెన్సర్ చూద్దామని ఆయన కాలు పెట్టినప్పుడే ఊడినట్టున్నాయి. మూత కింద పెట్టే ఊతకర్ర నీళ్ళ మీద తేలుతోంది. అది జారిపోయి మూత పైనుంచి మూసుకుపోయినట్టుంది."

"టేపు."

కాసేపు ఇనుము గోడకి తగులుతున్న చప్పుడు. "మీ మంచిగీత కన్నా ఎక్కువుందక్కా. ఇరవై మూడు."

ఆమె సరేనంది. సెన్సర్ జరగలేదు. ఏడేళ్ళుగా రోజుకి రెండువందల ఎనభై ఎనిమిదిసార్లు అది నిజమే చెబుతోంది, రెండువందల ఎనభై ఎనిమిదిసార్లూ ఆమె కంప్యూటర్ అందులోంచి ఆయన్ని తీసేసి చూపిస్తోంది.

తర్వాతి చుక్కలు ఆమె ఒక్కతే చూసింది. పదకొండూ ఇరవై ఐదుకి గీత పైకి లేచింది, తాడు కట్టుకుని మనిషి దిగాడు. ముప్ఫైకి అలాగే ఉంది. ముప్ఫై ఐదుకి వణికింది. నలభైకి దిగింది. దిగిన మనిషి పైకి వచ్చేసినట్టుంది. కానీ ఇదివరకటి మట్టానికి రాలేదు, ఇంకా కిందికి వెళ్ళింది. ఎంత కిందికో అంకె చూసింది. మూడు మిల్లీమీటర్లు.

మూడే. ఆమె ఇంకో చుక్క పడేదాకా ఆగింది, ఇంకొకటి పడేదాకా ఆగింది. మూడు దగ్గరే ఉండిపోయింది. ఇరవై మూడు వెళ్ళింది, మూడు తిరిగొచ్చింది. మిగతా ఇరవై నీళ్ళయిపోయాయి. ఇంక ఏ కొక్కెం వేసినా అవి రావు. ఆమెకు అది ఎవరూ చెప్పాల్సిన పని లేదు, గీతలోనే ఉంది.

కొత్తాయన ఒక ఫోటో పంపాడు. పంపుహౌసు లోపలి గోడ. మూత పక్కన, మోకాలెత్తున, సుద్దముక్కతో రాసిన అంకెల వరస. తారీఖు, టైము, కొలత. నెలకొకటి, ఆయన నిలువు దస్తూరిలో, పై నుంచి కింది దాకా. ఎవరికీ చూపించడానికి రాసుకున్నవి కావు, చీకట్లో మర్చిపోకుండా రాసుకున్నవి. ఏ ఒక్క నెలా తప్పలేదు. ఆమె పట్టుకున్న ఎనిమిది నెలలూ అందులో ఉన్నాయి. అన్నిటికన్నా కింద ఆ సెలవు రోజు తారీఖు, పదకొండూ ముప్ఫై ఐదు, ఒక కొలత. ఆమె పచ్చిగీతలో పదకొండూ ముప్ఫై ఐదు చుక్క మీద వేలు పెట్టి చూసింది. మిల్లీమీటరు తేడా లేకుండా కలిసింది.

కొలిచి, రాసుకుని, ఆమెకు చూపిద్దామని వెళ్ళాడు ఆయన. అంతే.

ఏడవడానికి ఇంకా చాలా రోజులున్నాయి, ఇంట్లో పెద్దావిడ కత్తెర పట్టుకుని ఎదురుచూస్తోంది. ముందు పని చెయ్యాలి. ఆమె ఏడేళ్ళ కిందటి దిద్దుబాట్లు రెండూ తెరిచి 'సరైనదే' పక్కనున్న రెండో బొత్తాం, 'తప్పు' అన్నది, నొక్కింది, అది సోమవారం నుంచి ఒక్కసారి కూడా నొక్కలేదు. ఇరవై మూడు మిల్లీమీటర్లనీ, పదకొండు చుక్కల్నీ తిరిగి చేర్చమంటారా అని అడిగింది కంప్యూటర్. చేర్చమంది. మంచిగీత మీద ఆరు పళ్ళు ఒకటొకటిగా వచ్చి నిలబడ్డాయి, చివరిది మరీ చిన్నది. కారణం రాయమంది. జాబితాలో ఉన్న కారణాలేవీ పనికిరావు. 'సెన్సర్ సరిగ్గానే ఉంది, తీగ లాగింది ఫీల్డు మనిషి' అని రాసి, కింద తన పేరులోని పొడి అక్షరాలు పెట్టింది.

చివర పాత ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఫీల్డు మనిషికి ఫోన్ చేశారా? పక్కన ఆయన పేరు, నంబరు, ఏడేళ్ళ కిందట ఆమె పెట్టిన 'అవును'.

ఆమె దాన్ని చెరిపేసి 'లేదు' నొక్కింది.